బందరు చర్చిలో ప్రార్థన, పాట, పాఠము

బందరు పేరు వినినంతనే మన పల్లెలలోని పెద్దలకు కలంకారీ అద్దకము జ్ఞప్తికి వచ్చును. కొందఱకు జాతీయ కళాశాల, మఱికొందఱకు రక్తాక్షి సంవత్సరపు ఉప్పెన జ్ఞప్తికి వచ్చును. గుడివాడ ప్రాంతమునుండియు దివిసీమనుండియు వ్యాజ్యములకని, సరకులకని, చదువులకని ఆ పట్టణమునకు పోయి వచ్చిన కుటుంబములు ఎన్నియో కలవు. అట్లు పోయి వచ్చినవారిలో పెక్కుమంది సెయింటు మేరీ చర్చి గోడలను చూచియుందురు. నోబిల్ కళాశాల పేరు వినియుందురు. ఆ చర్చిని, ఆ పాఠశాలను ఆశ్రయించి పెరిగిన సంఘములో నూఱేండ్లపాటు జరిగినదేమి? అక్కడివారు ఏ భాషలో ప్రార్థించిరి? ఏ పాట పాడిరి? ఏమి చదివిరి? ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరి? ఈ నాలుగు ప్రశ్నలే నేటి ప్రసంగమునకు విషయములు.

ముందుగా ఒక మనవి. ఒక మతమును పొగడుటకు గాని, మఱియొక మతమును తెగడుటకు గాని ఈ ప్రసంగము ఉద్దేశింపబడలేదు. మన సీమలో జరిగిన కథ మన కథయే. దానియందు మెచ్చదగినదియు కలదు, నొచ్చదగినదియు కలదు. రెంటిని దాచక చెప్పుకొనుటయే చరిత్రకు న్యాయము.

ఆంగ్లేయుల తూర్పు ఇండియా సంఘమువారి గ్లోబు అను ఓడ 1611లో బందరు రేవు చేరెను. డచ్చివారు అంతకు ముందే వచ్చి వర్తకశాల పెట్టుకొనియుండిరి. వారి సమాధులు, వంశచిహ్నములు చెక్కిన పెద్దరాళ్లతో, బందరులో నేటికిని కానవచ్చుచున్నవి. వచ్చినవారు వర్తకులు, వారికి కావలసినది అద్దకపు బట్ట. పూజ అనునది వారి సొంత వ్యవహారము. ఆదివారమునాడు వర్తకశాలలో ప్రార్థన చదువుకొనుట, చనిపోయినవారిని పాతిపెట్టునపుడు నాలుగు వాక్యములు చదువుట, ఇంతమాత్రమే వారి మతకార్యము. మన భాషలో ఆ ప్రార్థన జరుగవలెనని వారికి తోచలేదు. తోచుటకు కారణమును లేదు. 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించి బందరు కోటను పట్టుకొనెను. అటుపిమ్మట పట్టణములో సైన్యము నిలిచెను. సైన్యముతోపాటు దానికొక పాదిరి, ప్రార్థనకొక తావు అవసరమయ్యెను.

సెయింటు మేరీ చర్చికి సంబంధించి బందరు వారందఱు చెప్పుకొను కథ యొకటి కలదు. జాన్ పేటర్ అను సేనాని ఆరబెల్లా రాబిన్సన్ అను యువతిని ప్రేమించెను. ఆమె 1809లో మరణించెను. ఆమె దేహమును మామూలు శ్మశానములో పాతిపెట్టుటకు వీలు కలుగకపోగా, అతడు ఆమె సమాధిమీదనే చర్చిని కట్టించెనని ఐతిహ్యము. దేహమునకు లేపనములు పూసి, అద్దపు పెట్టెలో భద్రపఱచిరని పట్టణపు ముసలివారు చిలవలు పలవలుగా చెప్పుదురు. అందులో ఎంత నిజము, ఎంత కల్పన అను విచారము నేటికి పనిలేదు. ఒక్క సంగతి మాత్రము గమనింపదగినది. ఒక సేనాని దుఃఖమే ఆ గోడలకు పునాదియని ఊరు నమ్మినది. అన్యదేశపు కట్టడమును ఊరివారు తమ కథలలోనికి తీసికొనిన దినమున అది సగము ఊరిదే యగును.

అయినను ఆ చర్చిలోని ప్రార్థన ఆంగ్లములోనే జరిగెను. కంపెనీవారు చాలకాలము తమ రాజ్యములో మతప్రచారమును కోరలేదు. వర్తకమునకు అలజడి కలుగునని వారి భయము. 1813లో పార్లమెంటు కంపెనీ అధికారపత్రమును మార్చిన పిదపనే మతప్రచారకులు ఈ దేశమునకు వచ్చుటకు వీలు కలిగెను. మన కృష్ణా ముఖద్వారమునకు వారు వచ్చుటకు మఱి ఇరువది యెనిమిది సంవత్సరములు పట్టెను.

1841లో చర్చి మిషనరీ సంఘముచే పంపబడి ఇద్దఱు యువకులు బందరు చేరిరి. ఒకరు రాబర్టు టర్లింగ్టన్ నోబిల్, కేంబ్రిడ్జిలో చదివినవారు. రెండవవారు హెన్రీ వాట్సన్ ఫాక్సు, రగ్బీ పాఠశాలలోను, ఆక్సుఫర్డులోను చదివినవారు. వారు వచ్చిన కాలము ఎట్టిదో మన పెద్దలు ఎఱుగుదురు. 1832-33లో నందన కరవు ఈ సీమను పీల్చి పిప్పిచేసి ఇంకను పదేండ్లు కాలేదు. బెజవాడ ఆనకట్ట ఇంకను కట్టబడలేదు. అది పూర్తియైనది 1855లో. కాలువలు లేని ఆ దినములలో దివిసీమనుండి గాని, గుడివాడనుండి గాని బందరు పోవుట, వానకాలమైనచో, మోకాటిలోతు రేగడిలో సాహసమే.

ఫాక్సు స్వభావము వేఱు, నోబిల్ స్వభావము వేఱు. ఫాక్సు ఊరూరు తిరిగి, తిరునాళ్లలో నిలుచుండి, తెలుగులో మాట్లాడుటకు పూనుకొనెను. ఆయన ఆరోగ్యము ఈ యెండలకు నిలువలేదు. 1848లో స్వదేశమునకు పోయి, ముప్పదియొక్క యేండ్ల ప్రాయముననే కన్నుమూసెను. ఆయన చదివిన రగ్బీ పాఠశాలవారు ఆయన జ్ఞాపకార్థము చందాలెత్తి, బందరు పాఠశాలలో ఒక ఉపాధ్యాయుని పోషించుటకు నిధి నేర్పఱచిరి. నోబిల్ ఊరు కదలక, రెండేండ్లు తెలుగు నేర్చుకొని, 1843లో పాఠశాల తెఱచెను. 1865లో మరణించువఱకు, ఇరువదినాలుగేండ్లలో, ఆయన ఒక్కమాఱైనను స్వదేశమునకు పోలేదు.

ఇక ఆరాధన సంగతి. ఆంగ్లికన్ సంఘమువారికి ప్రార్థన గ్రంథ మొకటి కలదు. ఉదయము చదువవలసినది, సాయంకాలము చదువవలసినది, పెండ్లికి, చావునకు, వానలకు, కరవునకు చదువవలసినది, అంతయు అందు విధింపబడియున్నది. దావీదు కీర్తనలు నూటయేబది. వానిని నెలకు ముప్పది దినములుగా, దినమునకు ఉదయము సాయంకాలము అని రెండు భాగములుగా పంచి, నెలకొక పారాయణము ముగించుదురు. మన యిండ్లలో భాగవతమునో రామాయణమునో నియమముగా పారాయణము చేయు పెద్దలకు ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. గురువు ఒక వాక్యము చెప్పిన, సభ రెండవ వాక్యము పలుకును. చదువురానివాడును విని విని కంఠస్థము చేసికొనును. కాబట్టి ఈ గ్రంథము తెలుగులోనికి వచ్చినపుడు జరిగినది కేవలము భాషాంతరీకరణము కాదు. అక్షరము ఎఱుగని పాలేరు సైతము గ్రంథభాషలోని దీర్ఘవాక్యములను నోటితో పలుకుటకు అలవాటుపడెను. గ్రంథము ఎవరి చేతిలోను ఉండరాదని కట్టుబాటు చేయబడినవారి నోట గ్రంథభాష వినబడుట చిన్న మార్పు కాదు.

అయితే ఆ మార్పు బందరు పాఠశాలలో ఆరంభము కాలేదు. నోబిల్ పాఠశాల సవర్ణులకొఱకు పెట్టబడినది. బ్రాహ్మణ, వెలమ మొదలగు కుటుంబముల బాలురు, ముసల్మాను బాలురు అందు చేరిరి. పంచములను ఆయన చేర్చుకొనలేదు. వారిని చేర్చినచో తక్కినవారందఱు లేచిపోవుదురనియు, పై కులముల మనస్సు మాఱినచో ఆ మార్పు క్రిందికి ప్రవహించుననియు ఆయన తలంపు. నీరు పల్లమెఱుగునన్న సామెత కలదు గదా! కాని కులము నీరు కాదు. ఈ నిర్ణయమును గూర్చి ఆ దినములలోనే మిషనువారిలో విమర్శలు వచ్చెను. నోబిల్ పట్టు వీడలేదు. ఆయన సత్యసంధుడు, నిరాడంబరుడు, శిష్యవత్సలుడు; అయినను ఈ విషయమున ఆయన ఊరి కట్టుబాటునకు లోబడెననుట నిజము.

1852లో ఆ పాఠశాల విద్యార్థులలో ఇద్దఱు, మంచాల రత్నము, ఐనాల భూషణము అనువారు, బాప్తిస్మము పొందిరి. పట్టణము కల్లోలమయ్యెను. తల్లిదండ్రులు ఏడ్చుచు వచ్చిరి. జనులు గుమిగూడిరి. పాఠశాల ఒక్కమాఱుగా ఖాళీయయ్యెను. ఇందు రెండు ప్రక్కల దుఃఖమును మనము గ్రహింపవలెను. ఆ కాలపు తండ్రికి కుమారుడు మతము మాఱుటయనగా కుమారుడు బ్రదికియుండియు పోవుటయే. తలకొఱివి పెట్టువాడు లేడు, పంక్తిలో కూర్చుండువాడు లేడు. కుమారునికో, సత్యమని తాను నమ్మినదానిని ఇంటివారి కన్నీటికి వెఱచి విడుచుట అసత్యముగా తోచెను. న్యాయాధిపతి తీర్పు చెప్పి ముగించుటకు ఇది పొలము గట్టు తగవు కాదు. కాలక్రమమున పాఠశాల మరల నిండెను; ఆంగ్లవిద్యపై కోరిక భయమును జయించెను. ఆ యిద్దఱును 1864లో గురుపట్టము పొందిరి. ఈ మిషనులో తెలుగువారు గురువులగుట అదియే మొదలు. అదే పాఠశాలలో చదివి క్రైస్తవుడైన జానీ అలీ అను ముసల్మాను యువకుడు కేంబ్రిడ్జికి పోయి పట్టభద్రుడయ్యెను.

ఇంతలో నోబిల్ ఎదురుచూడని దిక్కునుండి ఒక సంఘటన జరిగెను. 1859లో బెజవాడలో డార్లింగు అను మిషనరీయొద్దకు రాఘవాపురమునుండి పగోలు వెంకయ్య అను మాల కులస్థుడు వచ్చెను. అతడు ఒకప్పుడు దోపిడిగాండ్రలో నాయకుడు. విగ్రహారాధనమీద నమ్మకము పోయి, దేవుడొక్కడే యని తనకు తానే తలపోసి, ఉపదేశము వెదకుచు వచ్చినవాడు. అతడును అతనివారును బాప్తిస్మము పొందిరి. అతడు తన బంధువులకు చెప్పెను. వారు తమ బంధువులకు చెప్పిరి. బందరులో పదునారేండ్లు విద్య చెప్పి నోబిల్ సంపాదించిన శిష్యులు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. వెంకయ్య మాట ఊళ్లకు ఊళ్లను కదలించెను. అటుపిమ్మట కృష్ణా సీమలోని ఆంగ్లికన్ సంఘము పెరిగినది ముఖ్యముగా మాల, మాదిగ పల్లెలలోనే. మార్పు పైనుండి క్రిందికి ప్రవహించునని తలచిరి. అది క్రిందినుండి ఊటగా పుట్టెను.

ఆ పిమ్మట 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చినది రక్తాక్షి ఉప్పెన. సముద్రము కట్టలు తెంచుకొని బందరుమీదను చుట్టుపట్ల పల్లెలమీదను పడెను. సుమారు ముప్పది వేలమంది మరణించిరని ఆనాటి లెక్కలు. బ్రాహ్మణవాడ, సాలెపేట, మాలపల్లె, దొరల బంగళా అను భేదము నీటికి లేదు. నోబిల్ బ్రదికి బయటపడెను గాని, ఆ విపత్తుతో క్రుంగిన ఆరోగ్యముతో మఱుసటి సంవత్సరము అక్టోబరు నెలలో బందరులోనే మరణించెను. ఉప్పెన తరువాత సైన్యము పట్టణమునుండి తొలగింపబడెను. సైన్యము పోయిన పిదప ఆంగ్లేయులు తగ్గిరి. తెలుగు ఆరాధకుల సంఖ్య పెరిగెను. దొరల చర్చి క్రమముగా ఊరి చర్చియగుటకు దారి ఏర్పడెను.

ఇచ్చట భాషావిషయము నొకదానిని చెప్పవలెను. ఏ తెలుగులో ప్రార్థింపవలెను? ఏ తెలుగులో బోధింపవలెను? ఈ ప్రశ్న మన పండితులలో వాదముగా బయలుదేఱుటకు చాలముందే బందరు పాదిరులను పీడించెను. ఆల్బర్టు హెన్రీ ఆర్డెన్ అను మిషనరీ బందరులో పనిచేయుచు 1873లో తెలుగు వ్యాకరణ మొకటి ఆంగ్లములో వ్రాసి ప్రకటించెను. క్రొత్తగా వచ్చిన దొరలకు మన భాష నేర్పుటకు అది ఉద్దిష్టము. జనులు మాటలాడు భాషకు ఒక భాగము, గ్రంథములలోని భాషకు వేఱొక భాగము ఆయన కేటాయించెను. సంతలో బేరమాడు తెలుగు వేఱు, కావ్యములోని తెలుగు వేఱు అని గుర్తించి, రెంటికిని నియమములున్నవని చూపుట ఆ కాలమునకు విశేషమే. గిడుగు రామమూర్తి పంతులుగారి వ్యావహారిక భాషోద్యమము ఇరువదవ శతాబ్దమున గాని బలపడలేదు. ఆర్డెన్ ఉద్యమకర్త కాడు. అవసరము చేత ఈ భేదమును గుర్తించినవాడు. ప్రసంగము వినువానికి బోధపడవలెను, ప్రార్థన గంభీరముగా నుండవలెను. ఈ రెండు కోరికల నడుమ తెలుగు చర్చి నేటికిని ఊగులాడుచునే యున్నది.

బందరులోనే పనిచేసి, ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చు సంస్థను నడపిన పాడ్‌ఫీల్డు అను మిషనరీ హిందువుల గృహజీవనమునుగూర్చి 1896లో ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించెను. పండుగలు, పెండ్లిండ్లు, ఉపనయనము, మడి, ఆచారము మొదలగు విషయములు అందు వర్ణింపబడినవి. పరుని కంటితో చూచినవాడు కొన్ని పొరబాట్లు చేయును. కాని మనము నిత్యమగుటచేత చూడక విడిచిన సంగతులు కొన్ని వానికి కనబడును. మన తాతముత్తాతల దినచర్యను తెలిసికొనగోరువారికి అట్టి పుస్తకములు నేటికిని పనికివచ్చుచున్నవి.

ఇక పాట. ఇది నాకు మిక్కిలి ప్రియమైన భాగము. చర్చిలో మొదట వినబడినవి ఆంగ్ల గీతముల వరుసలు. వానికి తగినట్లు తెలుగు మాటలు కూర్చి పాడించిరి. దీనివలన కలిగిన చిక్కు మన పెద్దలకు సులభముగా బోధపడును. ఆంగ్లమున పదములోని ఒక అక్షరమును ఒత్తి పలుకుదురు. పాటలో బలమైన దెబ్బ ఆ యొత్తుపై పడును. తెలుగున ప్రధానము గురులఘువులు. హ్రస్వము హ్రస్వమే, దీర్ఘము దీర్ఘమే. వరుస కొఱకు హ్రస్వమును సాగదీసినచో అర్థమే తాఱుమాఱగును. ‘పడు’ అన్నది ‘పాడు’ అగును; ‘మది’ అన్నది ‘మాది’ అగును; ‘కలము’ పట్టినవాడు ‘కాలము’ పట్టినట్లగును. గాయకుడు భక్తితో పాడుచుండగా వినువాడు నవ్వాపుకొనవలసి వచ్చును. మన వాగ్గేయకారులు కూడ అక్షరములను సాగదీసిరి గాని, ఎక్కడ సాగదీసిన అర్థము చెడదో ఎఱిగి, అక్కడనే దీర్ఘమునో, రాగాలాపనకు తగిన తావునో కల్పించిరి.

పరదేశపు వరుసలను మనవారు ముట్టనే ముట్టరని కాదు. ముత్తుస్వామి దీక్షితులవారు ఆంగ్లేయుల బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చిరి, వానిని నొట్టుస్వరములందురు. ఇంగ్లండు రాజగీతపు వరుసకు సైతము ఆయన సాహిత్యము కలదు. అది సమర్థుడైన విద్వాంసుడు వేడుకతో చేసిన పని. వారమువారము సామాన్యజనులు నోరార పాడుకొనవలసిన పాటకు ఆ మార్గము చాలదు.

పరిష్కారము మన కీర్తన సంప్రదాయమునుండియే వచ్చెను. పురుషోత్తమ చౌదరి (1803-1890) ఉత్తరాంధ్ర ప్రాంతమువాడు. 1833లో బాప్టిస్టు సంఘమున చేరెను. ఆయన పల్లవి, అనుపల్లవి, చరణము అను క్రమముతో, రాగతాళములు నిర్దేశించి, క్రైస్తవ కీర్తనలు రచించెను. ఆయన ఆంగ్లికన్ సంఘమువాడు కాడు. అయినను ఆ కీర్తనలు సంఘభేదములను లెక్కింపక, గంజామునుండి నెల్లూరువఱకు ఎల్ల తెలుగు చర్చిలలోనికి ప్రవేశించెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అను సంపుటమును తెఱచి చూచినచో పాటకు పైన రాగము, తాళము వ్రాయబడియుండును. ఏ భజనమందిరపు పుస్తకములోనైనను కనబడు పద్ధతియే అది. మతము మాఱినను చెవి మాఱలేదు.

ఇందులో మన సీమ పాత్ర ఎట్టిదో తలచుకొనుడు. బందరునకు దగ్గఱనే మొవ్వ, క్షేత్రయ్య పదములతో ముడివడిన ఊరు. దాని ప్రక్కనే కూచిపూడి. దివిసీమలోను గుడివాడ ప్రాంతములోను యక్షగానము, హరికథ, బుఱ్ఱకథ, కోలాటము, వీనిలో ఏదియు వినని చెవి లేదు. ఇట్టి జనులు చర్చిలోనికి వచ్చినపుడు తాళములను, మద్దెలను గుమ్మమువద్ద విడిచి రావలెనా? మొదటి తరము దొరలలో పెక్కుమంది విడిచి రావలెననియే తలచిరి. మద్దెల చప్పుడు వారికి గుడి ఉత్సవమును జ్ఞప్తికి తెచ్చెను. పట్టణపు చర్చిలో హార్మోనియము, బల్లలు. పల్లె చర్చిలో చాపలు, తాళములు. పట్టణమున నిలుచుండి పుస్తకము చూచి పాడిరి. పల్లెలో ఒకరు అందీయగా తక్కినవారు అందుకొని పాడిరి. పల్లె పాటయే తుదకు గెలిచెను. ఏలయన, దానిని పాడుటకు దీపమును, కండ్లజోడును, అక్షరజ్ఞానమును అక్కఱలేదు.

ఆ గెలుపునకు తోడ్పడినవారిలో ముఖ్యుడు వేదనాయగం సామ్యూలు అజరయ్య. ఆయన తిరునెల్వేలి సీమవాడు, మాతృభాష తమిళము. తెలుగుదేశమునకు వచ్చి తెలుగు నేర్చెను. 1912లో దోర్నకల్లునకు బిషప్పయ్యెను. ఆంగ్లికన్ సంఘమున భారతీయుడు బిషప్పగుట అదియే ప్రథమము. తరువాత కృష్ణా సీమలోని సంఘములును ఆయన పాలనలోనికి వచ్చెను. ఆయన తెలుగు కీర్తనలను, భజనలను, కోతకాలపు పండుగను ప్రోత్సహించెను. క్రొత్త పంట చేతికి వచ్చినపుడు రైతుకూలీలు వరికంకులను, గుమ్మడికాయలను, కోళ్లను తెచ్చి దేవుని సన్నిధి నుంచుదురు. ఇల్లాలు అన్నము వండబోవుటకు ముందు పిడికెడు బియ్యము తీసి వేఱుగా నుంచి, వారాంతమున సంఘమునకు ఇచ్చును. గింజగింజగా కూడిన ఆ బియ్యముతో పల్లె గురువుల పోషణ కొంత జరిగెను. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయములో హిందూ దేవాలయపు స్తంభములవంటి స్తంభములును, ముసల్మాను కట్టడముల గుమ్మటములవంటి గుమ్మటములును కలవు. దేవుని యిల్లు ఇంగ్లండులోని ఊరి చర్చివలె నుండనక్కఱలేదని చెప్పుటకు ఇంతకంటె వేఱు ఉపన్యాసము అవసరము లేదు.

పాఠశాల కథను విడిచి వచ్చితిమి; దానిని ముగింపవలెను. నోబిల్ పాఠశాల కళాశాలగా పెరిగెను. మతము మాఱినవారి సంఖ్యను బట్టి దానిని కొలిచినచో ఫలము స్వల్పము. చదివి, ప్రశ్నించి, తమ త్రోవను తామే వెదకికొనినవారిని బట్టి కొలిచినచో ఫలము అపారము. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు అక్కడ ఉపన్యాసకులుగా నుండిరి. ఆయన బ్రహ్మసమాజమువారు, కులభేదమును, భోగము మేళములను, మద్యపానమును ఖండించినవారు. క్రైస్తవ కళాశాలలో బ్రహ్మసమాజీయుడు హిందూ బాలురకు నీతి బోధించుట ఆ కాలపు బందరు బుద్ధిజీవనమునకు మంచి తార్కాణము. ఆయన శిష్యులలో ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు కలరు. ముట్నూరివారు 1902లో పుట్టిన కృష్ణాపత్రికకు సంపాదకులై దానిని తెలుగుదేశపు వాణిగా తీర్చిరి. కోపల్లె హనుమంతరావుగారితో కూడి ఈ మిత్రులు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. దొరల పాఠశాలలో చదివినవారే దొరల విద్యకు ప్రత్యామ్నాయమును నిర్మించిరి. దీనిని కొందఱు మిషను విద్యకు అపజయమనిరి. ప్రశ్నించుట నేర్పిన గురువునకు శిష్యుడు తననే ప్రశ్నించుట అపజయమా? ఆలోచింపుడు.

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు మొదలగు సంఘములు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడెను. నాటితో మన సీమలో ఆంగ్లికన్ అను పేరు చరిత్రలో చేరెను. ప్రార్థన క్రమము, కీర్తన, కోతపండుగ మాత్రము నిలిచినవి. ముప్పదియేండ్ల తరువాత, 1977 నవంబరు 19న, దివిసీమను మరల ఉప్పెన ముంచెను. వేలమంది మరణించిరి. ఆ దినములలో శవములను మోసినవారు, అన్నము వండిపెట్టినవారు ఏ మతమువారని ఎవరును అడుగలేదు. రక్తాక్షి ఉప్పెననాడు బందరు నేర్చిన పాఠమునే దివిసీమ మరల నేర్చెను.

ఇప్పుడు మన నాలుగు ప్రశ్నలను తిరిగి చూతము. ఏ భాషలో ప్రార్థించిరి? తొలుత పరభాషలో, పిమ్మట మన భాషలో. ఏ పాట పాడిరి? తొలుత పరుల వరుస, పిమ్మట మన రాగతాళములు. ఏమి చదివిరి? గురువు ఉద్దేశించినదానికంటె ఎక్కువ చదివిరి. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరి? ఈ చివరి ప్రశ్నకు మాత్రము సమాధానము పూర్తికాలేదు. ఒకే పాత్రనుండి పానము చేయవలసిన చోటను, కులము గుమ్మమువద్ద నిలువక లోపలికి వచ్చి కూర్చుండిన దినములు కలవు. బల్లలు ఒకటైనను వియ్యములు వేఱైనవి. ఈ దోషము ఒక్క చర్చిది కాదు. మన గుడులు, మన బావులు, మన శ్మశానములు దీనికి సాక్షులు. కావున దీనిని చూచి ఒకరినొకరు వేలెత్తి చూపుకొనుట తగదు.

పెద్దలారా, మీ ఊరి చర్చిలోగాని, భజనమందిరములోగాని పాత కీర్తనలను నోటితో పాడగల వృద్ధులు ఇంకను ఒకరిద్దఱు ఉందురు. పుస్తకములోని రాగము పేరు అచ్చులో నిలుచును. ఆ రాగమును వారు పాడు తీరు వారితోనే పోవును. తీఱిక చేసికొని వారియొద్ద కూర్చుండుడు. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వారు పాడుచుండగా వినుడు, నేర్చుకొనుడు. ఉప్పెనకు గోడలు కూలును, ఏలికలు మాఱుదురు, పేర్లు మాఱును. పాట మాత్రము ఒకరి నోటినుండి మఱియొకరి నోటికి దాటుచున్నంతకాలము నిలుచును. బందరు చర్చి కథ మనకు నేర్పునది ఇంతే. సెలవు.